డిక్కీలో లైటు

ఇప్పుడు కారు కొంటే డిక్కీ తలుపు ఎత్తగానే లోపల లైటు వెలుగుతుంది. కంపెనీవాళ్లే పెట్టి పంపుతున్నారు, దాన్నెవరూ వింతగా చూడరు. పెద్ద యుద్ధానికి రెండు మూడేళ్ల ముందు తాడేపల్లిగూడెంలో ఒక కారుకి ఆ లైటు నేను పెట్టాను, నా చేతులతో. దానివల్ల నా ఉద్యోగం పోయింది. దొంగతనం చేసి పోగొట్టుకోలేదు. తాగి నడిపి పోగొట్టుకోలేదు. ఎవరినీ గుద్దలేదు. ఆ కాలం కార్ల గురించి పెద్దవాళ్లు రాసుకున్నవి నాకు నలభై ఏళ్లు దాటి అక్షరాలు నేర్చుకున్నాక చదివాను. అందరూ ముందు సీటు గురించో వెనక సీటు గురించో రాశారు. డిక్కీ సంగతి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను.

మాది గుండుగొలనుకి అవతల, కొల్లేటి వైపు పల్లె. మా నాన్న పాలేరు. మా తాత కాలంలోనే మావాళ్లు క్రైస్తవుల్లో కలిశారు. కలిసినా పల్లె పల్లెగానే ఉంది, ఊరు ఊరుగానే ఉంది. నన్ను బడికి పంపలేదు, గేదెల వెనక పంపారు. పద్దెనిమిదో ఏట ఏలూరులో ఒక పాదిరిగారి దగ్గర కారు కడిగే పనికి కుదిరాను. ఆయన కారు తరచూ చెడిపోయేది. చెడిపోయినప్పుడల్లా ఆయన కింద పడుకుని బాగుచేసేవాడు, నేను పక్కన పడుకుని చూసేవాణ్ణి. అలా చూసి చూసి ఇంజను నేర్చుకున్నాను, తరవాత తోలడం నేర్చుకున్నాను. లైసెన్సు కాయితం మీద వేలిముద్ర వేశాను. పాదిరిగారు వాళ్ల దేశం వెళ్లిపోతూ తాడేపల్లిగూడెంలో తనకు తెలిసిన ఒక రైసుమిల్లు ఆసామికి నా గురించి మంచి మాట చెప్పి వెళ్లారు.

మా పల్లెలో స్టీరింగు పట్టిన మొదటివాణ్ణి నేనే. ఈ మాట గొప్పకి రాయడం లేదు. అది పోతే నాకు మిగిలేది ఏమిటో తెలియడానికి రాస్తున్నాను. నాన్న పట్టిన నాగలి, లేకపోతే కొల్లేట్లో నడుములోతు నీళ్లలో నిలబడి తుంగ కోత. మరో దారి లేదు.

చేరిన రోజునే ఆసామి, ఆయన్ని అయ్యగారు అనేవాళ్లం, అరుగు మీద నిలబడి షరతు చెప్పాడు.

"చూడబ్బీ, పాదిరిగారు చెప్పారని పెట్టుకుంటున్నాను. కారు ఒక్కసారి మొరాయించిందా, ఆ రోజే నువ్వు నీ పల్లెకి."

"చిత్తమండి" అన్నాను.

ఆయన వెనక గడపలో వాళ్లమ్మ ఉంది. పెద్దమ్మగారంటే ఇల్లంతా హడలు. మడి, ఆచారం అంతా ఆవిడ చెప్పినట్టు. కారు కేసి, నా కేసి మార్చి మార్చి చూసి ఆవిడ ఇంకో షరతు పెట్టింది.

"ఒరేయ్ అబ్బీ, ఇనుము ఎవరు ముట్టుకున్నా పరవాలేదు. తోలు సీటు నీది నీకు, మాది మాకు. వెనక ఆ డిక్కీ మాత్రం ముట్టుకోకు. మంచినీళ్ల బిందె అందులోనే పెడతాం. భోజనం అందులోనే పెడతాం. దాని అడుగు చెక్క. చెక్క తాగుతుంది."

ఏం తాగుతుందని నేను అడగలేదు. నా మైల తాగుతుందని ఆవిడ అర్థం. డ్రైవరు కాళ్ల కింద పరిచింది కూడా చెక్కే. ఆ చెక్క తాగదు కాబోలు.

అలా నేను ఆ కారుకి డ్రైవర్ని. ఇంజను విప్పి మళ్లీ బిగించేవాణ్ణి. చక్రాలు మార్చేవాణ్ణి. డిక్కీ తలుపు మాత్రం రెండేళ్లు తెరిచి ఎరగను. దాన్ని తెరిచేది, మూసేది, సామాను సర్దేది వాళ్ల వంటాయన. లావుపాటి మనిషి. నోరు ఊరుకునేది కాదు. చెడ్డవాడని అనను. నేను ఆయన్ని పంతులుగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను డ్రైవరూ అనేవాడు, మనసు బాగాలేకపోతే ఒరేయ్ అనేవాడు. దారిలో భోజనానికి ఆగితే నాకు పెట్టేది విస్తరాకులో దూరంగా జారవిడిచి, "ఇంకాస్త పులుసు పోయనా?" అని కేకేసి అడిగేవాడు. దూరాన్నుంచే పోసేవాడు. సగం నేల తాగేది.

ఒకసారి ఏలూరు నుంచి వస్తూ గుండుగొలను దాటాక మునిమాపు వేళ కాలువ గట్టున ఆగాము. పెద్దమ్మగారికి దాహం వేసింది. వంటాయన డిక్కీ తలుపు ఎత్తి లోపల తడుముకున్నాడు. మసక చీకట్లో మంచినీళ్ల చెంబు అనుకుని ఊరగాయ జాడీలో చేయి పెట్టాడు. అది దొర్లి ఆవకాయ నూనె అంతా పెద్దమ్మగారి పట్టుచీర మడత మీద పడింది. ఆవిడ తిట్టిన తిట్లకి కాలువలో బాతులు లేచిపోయాయి. వంటాయన చేతులకి కారం మండుతుంటే అటూ ఇటూ గెంతుతూ, "చీకట్లో నాకు కళ్లు రెండేనండీ అమ్మా!" అన్నాడు. నవ్వొస్తే మొహం రేడియేటరు వైపు తిప్పుకున్నాను.

మర్నాడు అయ్యగారు నన్ను పిలిచి, "ఏలూరు డాక్టరుగారి కొత్త కారుకి డిక్కీలో లైటు ఉందటరా. తలుపు ఎత్తితే వెలుగుతుందట, మూస్తే ఆరుతుందట. మనదానికి పెట్టగలవా?" అన్నాడు.

"పెట్టగలనండి. కానీ డిక్కీలోకి దూరాలండి."

అయ్యగారు ఇంట్లోకి చూశాడు. రెండు రోజులు తల్లీ కొడుకులు ఆ సంగతే మాట్లాడుకున్నారు. డాక్టరుగారికి ఉన్నది తనకి లేకపోవడం అయ్యగారు భరించలేడు. చివరికి ఆవిడ ఒప్పుకుంది. ఏకాదశి కాకుండా చూసి, డిక్కీ ఖాళీ చేయించి, ఒక పూట నాకు వదిలింది.

ఆ పూట మొదటిసారి నేను ఆ డిక్కీలోకి నడుముదాకా దూరాను. నెయ్యి, కర్పూరం, ఊరగాయ కలిసిన వాసన. పెద్దమ్మగారు అరుగు మీద పీట వేసుకుని కాపలా కూర్చుంది. వేలికి రేకు గీరుకుని నేను ఆగితే, "రక్తం పడనీకు!" అని కేక వేసింది.

పని చిన్నదే. కారు వెనక ఎర్రలైటుకి వేసే లాంటి చిన్న బల్బు ఒకటి. డ్రైవరు కాళ్ల కింద బ్యాటరీ దగ్గర్నుంచి ఒకే తీగ, కారు అడుగునంటా లాగి డిక్కీలోకి తెచ్చాను. రెండో తీగ అక్కర్లేదు, కారు ఇనుమే రెండో తీగ. ఇక ఆర్పేది ఎలా? డిక్కీ అంచున ఒక ఇత్తడి రేకు వంచి పెట్టాను. తలుపు మూస్తే తలుపుకి కొట్టిన చెక్క బుడిపె ఆ రేకుని పక్కకి నెడుతుంది, లైటు ఆరిపోతుంది. తలుపు ఎత్తితే రేకు వెనక్కి వచ్చి తీగ కొసకి తగులుతుంది, లైటు వెలుగుతుంది. తలుపు మూసి, అంచు సందులోంచి కన్ను పెట్టి చూశాను. చీకటి. అయ్యగారూ వంగి కన్ను పెట్టి చూశాడు. "భలే!" అన్నాడు. నా భుజం తట్టబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు. దుమ్ము దూరకుండా ఆ సందుకి తోలు పట్టీ కొట్టి మూసేశాను.

నేను లేచి చేతులు దులుపుకోకముందే పెద్దమ్మగారు వంటాయన్ని కేక వేసింది. కుండెడు పసుపునీళ్లు, కొబ్బరి పీచు తెప్పించింది. ముట్టినచోటల్లా కడగాలి.

"పంతులుగారండీ, ఆ ఇత్తడి రేకు మాత్రం జాగ్రత్తండీ. పలచనిది" అన్నాను.

"నీ చెయ్యి ఎక్కువ పడింది అక్కడేగా! అక్కడే గట్టిగా తోమాలి" అని ఆయన పీచు పెట్టి రేకుని రుద్ది రుద్ది తళతళలాడించాడు. తోమి, తలుపు ఎత్తి వెలిగించి చూసుకుని మురిసిపోయాడు. ఆ తోముడికి రేకు వంగిపోయింది. తలుపు మూస్తే బుడిపె దానికి అందడం లేదు. లైటు ఆరడం లేదు.

ఈ సంగతి మూడు వారాలు ఎవరికీ తెలియలేదు. తెలిసే దారి లేదు. తలుపు ఎత్తినవాడికి ఎప్పుడూ వెలుగుతూనే కనిపిస్తుంది, అదే కదా కావలసింది. మూశాక లోపల ఏముందో చూసేవాడు ఎవడు? మిల్లు పని మీద రోజూ తిరిగే రోజులు కనుక తిరుగుడులో బ్యాటరీకి ఎక్కేది ఎక్కుతోంది. పొద్దున్నే స్టార్టరు కొంచెం బద్ధకంగా తిరుగుతుంటే చలికాలం కదా అనుకున్నాను.

చెప్పినవాడు వంటాయనే. తనకే తెలియకుండా చెప్పాడు. ఏలూరులో భోజనాల వేళ గిన్నె పట్టుకుని దూరాన్నుంచి కేకేశాడు.

"డ్రైవరూ, నీ లైటు పుణ్యమా అని నెయ్యి కరిగే ఉంటోందిరా! గూడెంలో గడ్డగా పెట్టాను, చూడు, నూనెలా ఉంది. ఇదివరకు నిప్పుల మీద పెట్టుకునేవాణ్ణి."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లైటు ఆరితే నెయ్యి కరగదు. మూసిన డిక్కీలో రేయింబవళ్లు లైటు వెలుగుతూ బ్యాటరీని తాగుతోంది.

అయ్యగారితో చెప్పాను. "రెండు నిమిషాల పనండి. రేకు వెనక్కి వంచాలంతే."

ఆయన వాళ్లమ్మతో చెప్పాడు. ఆవిడ ససేమిరా అంది. "ఒకసారి ముట్టాడు, కడిగాం. మళ్లీ ముడతాడు, మళ్లీ కడగాలి. లైటు వెలుగుతోందిగా, ఇంకేం రోగం దానికి?"

అప్పుడు నేను నాలుగు గజాల దూరంలో నిలబడి వంటాయన చేత చేయించబోయాను. "పంతులుగారండీ, వేలితో కొంచెం ఎత్తండి. కొంచెమే."

ఆయన ఒక వేలు చాచి, ముడుచుకుని, మళ్లీ చాచాడు. "షాకు కొడితే నా పిల్లలకి నువ్వు వండి పెడతావుట్రా?" అన్నాడు. అని, తనే పకపకా నవ్వి, "పెట్టినా తినరులే!" అన్నాడు. చుట్టూ ఉన్న మిల్లు కూలీలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు.

ఇక నా చేతిలో ఉన్నది ఒకటే. డ్రైవరు కాళ్ల కింద చెక్క ఎత్తి, బ్యాటరీ దగ్గర ఆ తీగ విప్పడం. అది నేను ముట్టుకోవచ్చు. కారు షెడ్డులో పెట్టగానే విప్పేవాణ్ణి. ప్రయాణమప్పుడు తగిలించేవాణ్ణి. ఆ సంగతి అయ్యగారికి విడమరిచి చెప్పాను. చెక్క ఎత్తి చూపించాను. "తీగ తగిలి ఉండి కారు కదలకపోతే మూడు నాలుగు రోజుల్లో బ్యాటరీ చచ్చిపోతుందండి" అన్నాను. "సరే, అలాగే కానీ" అన్నాడు. నెల రోజులు అలాగే గడిచింది.

జనవరి నెలలో మా చెల్లెలి పెళ్లి వచ్చింది. డ్రైవరు చెల్లెలని చెప్పుకుని మంచి సంబంధం కుదుర్చుకున్నారు మావాళ్లు. నాలుగు రోజులు సెలవు అడిగాను. అయిదో రోజున ఏలూరు కోర్టులో అయ్యగారికి వాయిదా ఉంది. కొల్లేటి అంచున నీళ్లు దిగినప్పుడు తేలే భూమి మీద ఇంకో ఆసామితో తగాదా. ఆ భూమి నిజానికి వాళ్లిద్దరిదీ కాదు. మావాళ్ల గేదెలు తాతల నాటి నుంచి మేసిన చోటు. కానీ కోర్టుకి గేదెలు వెళ్లవు కదా.

"వాయిదా రోజు తెల్లవారేసరికి ఇక్కడ ఉండాలి. అదే ఆఖరి వాయిదా" అన్నాడు అయ్యగారు.

"ఉంటానండి. తీగ విప్పే ఉందండి. ఎవరూ తగిలించకుండా చూడండి."

"ఎవడు తగిలిస్తాడురా? నీకూ నాకూ తప్ప దాని సంగతి ఎవడికి తెలుసు?"

చెప్పినట్టే అయిదో రోజు మొదటి రైలుకి దిగి, స్టేషను నుంచి పరుగులాంటి నడకతో వెళ్లాను. అప్పుడే తెల్లవారింది. వంటాయన డిక్కీ తలుపు ఎత్తి బిందె, క్యారియరు, పులిహోర గిన్నె సర్దుతున్నాడు. నన్ను చూసి సంతోషించాడు కూడా.

"వచ్చావా! పెళ్లి బాగా జరిగిందా? నువ్వు వెళ్లిన రోజే పెద్ద అల్లుడుగారు దిగారురా. మన అయ్యగారికి ఎంత సంబరమనుకున్నావు! నీ లైటు చూపించారు. తలుపు ఎత్తడం, మూయడం, ఎత్తడం, మూయడం."

"వెలిగిందాండీ?" అన్నాను.

"మొదట వెలగలేదు. అల్లుడుగారు నవ్వబోయారు. అయ్యగారికి రోషం వచ్చి ముందు వైపు వెళ్లి, కాళ్ల కింద చెక్క ఎత్తి ఏదో కెలికారు. భగ్గున వెలిగింది."

"ఇప్పుడు ఎలా ఉందండీ?"

వంటాయన లోపలికి తొంగి చూసి, "గుడ్డిగా ఉందిరా. ఎర్రగా. బీడీ కొసలా" అని తలుపు వేసేశాడు.

ముందుకి పరిగెత్తి చెక్క ఎత్తాను. తీగ తగిలించి ఉంది. నేను మెలితిప్పి చుట్టినట్టు లేదు. మిల్లు కాయితాల కట్టలకి చుట్టే ఎర్రదారంతో ముడి వేసి ఉంది. నేను దాన్ని విప్పలేదు. అయ్యగారికి చూపించాలని అలాగే ఉంచాను.

స్టార్టరు నొక్కాను. టిక్కుమంది, అంతే. హ్యాండిలు పెట్టి చేతులు బొబ్బలెక్కేదాకా తిప్పాను. ఆ కారుకి బ్యాటరీ ప్రాణం లేకపోతే ఇంజనులో నిప్పురవ్వ పుట్టదు, ఎంత తిప్పినా అంతే. ఎనిమిదిమంది మిల్లు కూలీలు వచ్చి తోశారు. రైలుగేటు దాకా తోసి, మళ్లీ ఇంటి ముందుకి తోసుకొచ్చారు. మేం తోస్తూ ఉండగానే ఏలూరు వెళ్లే ప్యాసింజరు కూత వేసి వెళ్లిపోయింది. ఆ తరవాతి బండి మధ్యాహ్నానికి గాని లేదు.

అయ్యగారు పట్టుపంచె, కోటు, తలపాగాతో వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో కోర్టు కాయితాల కట్ట. దానికీ ఎర్రదారమే.

"ఏం చేశావురా కారుని?"

"అయ్యగారండీ, తీగ తగిలించి ఉందండి. నాలుగు రోజులుగా లైటు వెలుగుతోందండి."

"ఎవడు తగిలించాడు?"

ఆ ప్రశ్న ఆయన నన్నే అడిగాడు, నా కళ్లలోకి చూసే అడిగాడు. నేనూ ఆయన కళ్లలోకే చూశాను. ఆయనకి ఆ క్షణంలో అంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చిన మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అరుగు మీంచి పెద్దమ్మగారు, "ఏమిట్రా ఆలస్యం? ఎవడు చేశాడా పని?" అంది. ఆయన చూపు నా మీంచి తీసి ఆవిడ వైపు తిప్పాడు.

"వీడేనమ్మా. పెళ్లి తొందరలో విప్పడం మర్చిపోయి పోయాడు."

"నేను విప్పే వెళ్లానండి. మీతో చెప్పే వెళ్లానండి" అన్నాను. తరవాత వంటాయన వైపు తిరిగాను. "పంతులుగారండీ, ఇందాక మీరే చెప్పారు కదండీ. అల్లుడుగారికి చూపించారనీ, కెలికారనీ."

వంటాయన నూతి వైపు చూస్తూ నిలబడ్డాడు. "నేనేం చెప్పానురా? ఆ తీగలూ గీగలూ నాకేం తెలుసు?" అన్నాడు. రోజంతా ఆగని నోరు ఆ ఒక్క మాట చెప్పి మూతపడింది.

"తాళం చెవి ఆ సీటు మీద పెట్టి వెళ్లిపో. చేరినరోజే చెప్పాను" అన్నాడు అయ్యగారు.

నేను తాళం చెవి పెట్టాను. పెట్టి వెళ్లిపోయి ఉంటే ఇంకెక్కడైనా డ్రైవరు పని దొరికేదేమో. కాళ్లు గుమ్మం వైపు పోలేదు. కారు వెనక్కి పోయాను. డిక్కీ తలుపు పట్టుకుని ఎత్తేశాను.

అప్పటికి బల్బులో తీగ ఒక్కటే ఎర్రగా కనిపిస్తోంది.

"చూడండి! ఇప్పుడే తలుపు ఎత్తాను. ముట్టుకుని చూడండి బల్బుని, వెచ్చగా ఉంటుంది. ఆ రేకు చూడండి ఎలా వంగిపోయిందో. ముందుకి వచ్చి ఆ ముడి చూడండి, ఎవరి దారమో చూడండి" అన్నాను. అరిచానేమో కూడా. ఎనిమిదిమంది కూలీలు ఉన్నారు, వంటాయన ఉన్నాడు, అయ్యగారున్నాడు, పెద్దమ్మగారుంది. ఒక్కరు చూస్తే చాలుననుకున్నాను.

ఒక్కరూ బల్బు వైపు చూడలేదు. అందరూ నా చేతి వైపు చూశారు. తలుపు మీద నా చేయి, దాని కింద మంచినీళ్ల బిందె, పులిహోర.

"నీళ్లు! నీళ్ల బిందె ముట్టాడు!" అని పెద్దమ్మగారు లేచి నిలబడింది.

"ముట్టలేదండీ, తలుపే ముట్టానండీ."

"అడుగు చెక్కరా! పారబోయండి. అంతా పారబొయ్యండి!"

ఒక కూలీ నన్ను రెక్క పట్టుకోబోయి, వాడికీ అనుమానం వచ్చి కర్ర తెచ్చి దాంతో పక్కకి నెట్టాడు. వంటాయన బిందె బోర్లించాడు. నీళ్లు వాకిలంతా పారాయి. పులిహోర గిన్నెతో సహా పెరట్లోకి పోయింది. ఆ హడావిడిలో నేను ఒక్కణ్ణే బల్బు కేసి చూస్తూ నిలబడ్డాను. అది ఇంకా ఇంకా సన్నబడి, వాళ్లు క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటే విసిరేస్తుండగా ఆరిపోయింది. అంతటితో నా సాక్ష్యం అయిపోయింది.

అయ్యగారు మధ్యాహ్నం బండికి వెళ్లాడు. వాయిదా తప్పింది. కేసు పోయింది. తాడేపల్లిగూడెంలో అందరూ చెప్పుకున్నది ఏమిటంటే, కోర్టుకి బయల్దేరే వేళకి డ్రైవరు కావాలని నీళ్ల బిందె మైల చేశాడు, ఆ అపశకునానికి కేసు పోయింది అని. బ్యాటరీ మాట ఎవరూ ఎత్తలేదు. ఏలూరు దాకా ఆ కథ నాకన్నా ముందు వెళ్లింది. మోటారు షెడ్లలో నేను పని అడిగితే, "నువ్వేనా ఆ బిందె మనిషివి?" అనేవాళ్లు. పనికి మాత్రం పెట్టుకోలేదు.

ఇంట్లోనూ అదే. మా చెల్లెలి అత్తవారు డ్రైవరు చెల్లెలని చేసుకున్నారు కదా, పది రోజులకే మాట మారింది. మా అమ్మ, "తప్పు నాదేనండి అని ఒక్క మాట అంటే ఏం పోయిందిరా నీకు?" అంది. నాన్న గేదెల భూమి ఎవరికి పోయిందని మాత్రం అడిగాడు. రెండో ఆసామికని చెప్పాను. "ఇద్దరూ ఒకటే" అన్నాడు. ఆ ఏడే అక్కడ గట్టు వేశారు, గేదెల్ని రానివ్వలేదు.

రెండు నెలలు గడిచాక ఒకరోజు వంటాయన మా పల్లె బయట కాలువ గట్టు మీదకి వచ్చి నిలబడి నన్ను పిలిపించాడు. ఎండకి తువ్వాలు నెత్తిన కప్పుకున్నాడు. పల్లె లోపలికి రాలేదు.

"కొత్త డ్రైవరు మా కులంవాడే, డిక్కీ ముట్టుకోవచ్చు. కానీ వాడికి తోలడం రాదురా. ఇప్పటికి రెండుసార్లు కాలువలోకి దించాడు. అయ్యగారు నిన్ను రమ్మంటున్నారు."

"లైటు ఉందాండీ?"

"ఎక్కడిది? ఆ రోజే పీకించేశారు."

అబద్ధమెందుకు, ఆశ పుట్టింది. స్టీరింగు చేతిలోకి వచ్చినట్టే ఉంది. అయినా నోరు ఇంకో మాట అంది.

"పంతులుగారండీ, వస్తాను. ఆ తీగ తగిలించింది తనేనని అయ్యగారు వాళ్లమ్మగారి ముందు ఒక్కసారి అనాలి. ఊరంతా తిరిగి చెప్పక్కర్లేదు. ఆవిడ ముందు ఒక్కసారి."

వంటాయన నీళ్లలోకి చూశాడు. "ఆ మాట నేను మోసుకెళ్లలేనురా."

"అయితే మీరైనా ఆవిడ ముందు నిజం చెప్పండి. ఆయన మాట వద్దు."

"నాకు నలుగురు పిల్లలురా డ్రైవరూ" అన్నాడు. ఈసారి నవ్వలేదు. నవ్వించే మాట ఏదీ దొరకలేదు కాబోలు. గట్టెంట వెళ్లిపోయాడు. కొంచెం దూరం పోయాక ఆగాడు, వెనక్కి తిరుగుతాడేమో అనుకున్నాను. కాలిలో ముల్లు తీసుకుని నడిచాడు.

మళ్లీ ఎవరూ రాలేదు. నేనూ వెళ్లలేదు. యుద్ధం వచ్చి, లారీలు తోలేవాళ్లు దొరక్క, ఎవరు ముట్టారు ఏది ముట్టారు అని అడిగే తీరిక లేని రోజులు వచ్చేదాకా కొల్లేట్లో తుంగ కోశాను. నడుములోతు నీళ్లలో.